మెట్ట వంట సముద్రం దాటిన తీరు

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాల వంటింట్లో రెండు కాలాల తిండి కలిసి ఉంటుంది. మొదటిది మెట్ట సేద్యం నాటిది: జొన్న, కంది, ఉలవ, మిరప, చింతపండు, గోంగూర. రెండోది నాగార్జునసాగర్ కాలువ వచ్చాక కుదురుకున్న తెల్లన్నం భోజనం. పరాయి దేశంలో ఇంటి భోజనంగా పేరు తెచ్చుకున్నది ముఖ్యంగా రెండోదే. మొదటిదానిలోంచి జాడీలోనో డబ్బాలోనో నిలవ ఉండేవి మాత్రం ప్రయాణం కట్టాయి. పొద్దున వండి సాయంత్రానికి తినెయ్యాల్సినవి, ఎంత పాతవైనా, ఊళ్లోనే ఆగిపోయాయి.

పాత కృష్ణా జిల్లాలో డెల్టాకూ మెట్టకూ తిండిలో పొత్తు తక్కువ. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయి, దిగువన గుడివాడ, బందరు వైపు వరి మాగాణి పరుచుకుంది. ఆనకట్టకు ఎగువన ఉన్న నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు వైపు ఆ నీరు ఎక్కదు. మున్నేరు, పాలేరు, వైరా పారుతున్నా వాటి కిందా, చెరువుల కిందా పండే వరి కొద్దిపాటిదే. మిగతాదంతా వానను నమ్ముకున్న చేలు. జొన్న, కంది, పెసర, మినుము, మిర్చి, పత్తి, పొగాకు అక్కడి పంటలు. 2022 ఏప్రిల్ నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది గానీ, రైతుల మాటలో ఇప్పటికీ అది మెట్టే.

కూలీ ఇంట్లోనూ చిన్నరైతు ఇంట్లోనూ రోజూ తినేది జొన్న. రోట్లో దంచి, పొట్టు చెరిగి ఉడికించిన జొన్నన్నం, పిండి పోసి గెలికిన సంకటి, రాత్రి మిగిలినదానిలో మజ్జిగ పోసుకున్న చద్ది, ఎండాకాలం అంబలి. నంజుకోవటానికి గోంగూర పచ్చడి, ఉల్లిపాయ, పచ్చిపులుసు. కందులు బాగా పండిన ఏడు పప్పు. వరన్నం పండక్కీ, పెళ్లికీ, చుట్టం వచ్చిన పూటకీ. మాగాణి ఉన్న కామందుల ఇళ్లలో, బ్రాహ్మణ, వైశ్య కుటుంబాల్లో వరి ముందునుంచే ఉంది. అందుకే తెల్లన్నం తినడమంటే ఆ రోజుల్లో కలిగినవాళ్లన్నట్టే లెక్క.

ఈ వంటల్లో ఉలవచారు చరిత్ర కాస్త వింతైనది. అది మొదట మనుషుల కోసం పొయ్యెక్కింది కాదు. దుక్కిటెద్దులకు దాణాగా ఉలవలను పెద్ద కాగులో పోసి గంటల తరబడి ఉడకబెట్టేవారు. గుగ్గిళ్లు ఎద్దుల గాడిలోకి పోతే, వార్చిన ఎర్రని కట్టు ఇంట్లోకి వచ్చేది. దాంట్లో చింతపండు పులుసు, ఉప్పు, కారం వేసి, సన్నసెగ మీద సగానికి సగం ఇగిరేదాకా మరగనిచ్చి, ఎండుమిరపకాయ, వెల్లుల్లి, కరివేపాకుతో తాలింపు పెడితే చారు గరిటెకు అంటుకునేంత చిక్కబడేది. వేడన్నంలో ఆ చారు పోసుకుని పైన మీగడ వేసుకునేవారు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయాక ఇళ్లలో ఉలవలు ఉడకబెట్టే పనీ పోయింది. చారు మాత్రం పెళ్లి విందుల్లోకి, విజయవాడ హోటళ్లలోకి ఎక్కింది. తర్వాత సీసాల్లో, ప్యాకెట్లలో అమెరికా కొట్లకు చేరింది. అక్కడి తెలుగు రెస్టారెంట్లలో ఉలవచారు బిర్యానీగా కొత్త రూపం కట్టింది. ఎద్దుల కొట్టం దగ్గర మొదలైన వంటకు ఇంత మర్యాద దక్కడం అరుదే.

మెట్ట తిండిని మార్చింది నీళ్లు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం జిల్లాల మీదుగా వస్తుంది కాబట్టి ఈ మెట్టవి చివరి భూములు. నీరు అందరికీ ఒకేసారి అందలేదు. నీటికి కటకటైన ఏడు ఇప్పటికీ ముందు ఎండేది ఈ చివరే. అయినా అందినమేర జొన్నచేలు వరిమళ్లయ్యాయి. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టడంతో సెంటు భూమి లేని ఇంట్లోనూ రెండు పూటలా అన్నం ఉడికింది. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి సాంబ మసూరి విడుదలైంది. రైతులు బీపీటీ అని పిలిచే ఆ రకం సన్నబియ్యానికి నాలుకను అలవాటు చేసింది. తరతరాల జొన్న ఇరవై ఏళ్లలో కంచం పక్కకు జరిగింది.

ఊరు దాటి పెద్ద చదువులకు పోయిన తరం పెరిగింది సరిగ్గా ఆ ఇరవై ఏళ్లలోనే. వాళ్లు వదిలివెళ్లినది అప్పటికే మారిన ఊరిని. తాతముత్తాతల నాటిదని వాళ్లు గుర్తుపెట్టుకున్న సన్నన్నానికీ వాళ్లకూ వయసులో పెద్ద తేడా లేదు.

వలస ఈ వైపువాళ్లకు కొత్త కాదు. కృష్ణా జిల్లా రైతులు నిజాంసాగర్ కిందికి, 1950ల నుంచి తుంగభద్ర ఆయకట్టుకు పోయి భూములు కొన్నారు. గంగావతి, సింధనూరు వైపు వాళ్లు వేసుకున్న ఊళ్ల పేర్ల చివర ఇప్పటికీ క్యాంపు అని ఉంటుంది. జొన్నరొట్టె తినే సీమలో వాళ్లు వరి నాటారు. ఆ ప్రాంతం సోనా మసూరికి పేరు పడింది. బర్మా, మారిషస్, మలయా వెళ్లిన తెలుగువాళ్లలో ఎక్కువమంది ఉత్తర కోస్తావాళ్లు. వాళ్లలో రంగూన్ చేరినవాళ్లకు గోంగూర కోసం వెతుక్కునే పని లేకపోయింది, బర్మావాళ్లకు అది రోజువారీ ఆకుకూర.

అమెరికా దారి 1965 వలస చట్టంతో తెరుచుకుంది. మొదట గుంటూరు, విశాఖ వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు, కొద్దిమంది ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు వెళ్లారు. 1977లో విజయవాడ పక్కన కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో అదే తొలి ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాల. ఆ తర్వాత కంచికచర్ల దాకా కాలేజీలు వచ్చాయి. 1990 చట్టం తెచ్చిన హెచ్-1బి వీసా, ఆ దశాబ్దం చివర కంప్యూటర్ ఉద్యోగాల జోరు కలిసి డాక్టర్ల సన్నటి బాటను రహదారి చేశాయి. 2010 నుంచి 2017 లోపు అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 86 శాతం పెరిగింది.

1970ల్లో వెళ్లినవాళ్లకు దొరికిన సరుకు తక్కువ. న్యూయార్కులో 1944 నుంచి ఉన్న కలుస్త్యాన్స్ కొట్టు, షికాగో డెవాన్ వీధిలో 1974లో పెట్టిన పటేల్ బ్రదర్స్ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మధ్య పశ్చిమంలోని చిన్న ఊళ్లో ఆసుపత్రి ఉద్యోగం చేసే డాక్టరు కుటుంబం కందిపప్పు కోసం కారులో గంటలకొద్దీ ప్రయాణం చెయ్యాల్సి వచ్చేది. ఆ తరం ఇల్లాళ్ల చేతి నేర్పు చాలావరకు బదులు సరుకు కనిపెట్టడంలోనే బయటపడింది. బొంబాయి రవ్వ స్థానంలో క్రీమ్ ఆఫ్ వీట్‌తో ఉప్మా చేశారు. పచ్చి మామిడికాయ దొరకనిచోట పుల్లటి ఆకుపచ్చ యాపిల్ పప్పులో వేశారు. బీరకాయకు బదులు జుకినీ, గోంగూరకు బదులు రూబార్బ్ కాడలు వచ్చాయి. నవంబరులో అమెరికన్లు టర్కీ కోడితో తినే క్రాన్‌బెర్రీ పండు పప్పులోకీ, రోటిపచ్చడిలోకీ, చివరికి ఆవ పెట్టిన ఊరగాయలోకీ దిగింది. ఇది అవసరానికి పుట్టి ఇష్టంగా నిలిచిన వంట. మామిడికాయ ఏడాది పొడుగునా దొరుకుతున్న ఈ రోజుల్లోనూ క్రాన్‌బెర్రీ పచ్చడి పెట్టడం మానలేదు. పచ్చిమిరపకాయకు మెక్సికో వాళ్ల సెరానో సరిపోయింది. మిరప పుట్టిల్లు ఆ ఖండమే. పోర్చుగీసువాళ్ల ఓడల్లో భారతదేశానికి వచ్చిన కాయ అది.

పనిముట్ల తంటా మరొకటి. ఇక్కడి 230 వోల్టుల మిక్సీ అక్కడి 120 వోల్టుల కరెంటుకు తిరగదు. ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి తిప్పుకున్నవాళ్లున్నారు. తర్వాత ప్రీతి లాంటి కంపెనీలు 110 వోల్టుల మిక్సీలు అమ్మాయి. చలికాలంలో ఇడ్లీ పిండి పులవదు. దానికి ఉపాయం ఓవెన్‌లో లైటు మాత్రం వేసి, ఆ గోరువెచ్చన గిన్నెను రాత్రంతా ఉంచడం. మాగాయ ముక్కలు, గుమ్మడి వడియాలు ఎండబెట్టడానికి మేడ లేదు, మే నెల మెట్ట ఎండ లేదు. టెక్సస్, అరిజోనా ఎండ కొంత ఆదుకుంటుంది. ఉత్తరాదిన సన్నసెగ ఓవెనో, పండ్లు ఎండబెట్టే కరెంటు యంత్రమో గతి.

అన్నిటికంటే సులువుగా స్థలం మారింది ఆవకాయ. దానికి కారణం దాని కట్టుబడిలోనే ఉంది. పుల్లగా, పీచుతో, గట్టి టెంక ఉన్న కాయను తడిలేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టి, లోపలి జీడి తీసి, పొర గీకి, గుడ్డతో మళ్లీ తుడుస్తారు. కారం, ఆవపిండి, ఉప్పు దాదాపు సమపాళ్లలో కలిపి, పప్పునూనెలో ముంచిన ముక్కలను ఆ పిండిలో పొర్లించి జాడీకి ఎత్తుతారు. మూడోనాడు తిరగ కలిపితే కాయలోని ఊట బయటికొచ్చి నూనె పైకి తేలుతుంది. ఉప్పు, పులుపు బూజును దగ్గరకు రానివ్వవు, ఆవ ఘాటు సూక్ష్మజీవులను అణచివేస్తుంది, పైన నిలిచిన నూనె గాలిని అడ్డుకుంటుంది. ఫ్రిజ్ లేని కాలంలో ఏడాది నిలిచేలా తయారైన సరుకు కాబట్టి విమానంలో ఒక్కరోజు ప్రయాణం దానికి లెక్కలోది కాదు. గోంగూర ఊరగాయ, చింతకాయ తొక్కు, కొరివికారం, ఊరమిరపకాయలు, కందిపొడి, కారప్పొడి, సున్నుండలు కూడా ఇదే కోవలోవి. జొన్నన్నంలో నంజుకోవటానికి మెట్టలో పుట్టిన ఘాటంతా సన్నన్నంలోకి ఆదరువై అమెరికాలో బతికింది.

అమెరికాలో ఆవకాయ పెట్టేవాళ్లకు కాయ ఎక్కువగా మెక్సికో నుంచి వస్తుంది. భారత మామిడికి అక్కడ 1989 నుంచి 2007 దాకా ప్రవేశమే లేదు. వికిరణ శుద్ధి చేసిన పండ్లను 2007 నుంచి రానిస్తున్నారు. కొట్లో దొరికే కాయకు కండ ఎక్కువ, టెంక పదును తక్కువ. దాంతో ముక్క త్వరగా మెత్తబడుతుంది. అందుకని కొందరు ఆవకాయ తక్కువ పెట్టి, మామిడి తురుము పచ్చడి వైపు మళ్లారు. ఏడాది జాడీ బదులు రెండు నెలల సీసా, అదీ ఫ్రిజ్‌లో.

ఆకుకూరల కథ వేరు, అవి నిలవ ఉండవు. గోంగూర గింజలు చీరల మడతల్లో దాటాయని ఆ తరంవాళ్లు నవ్వుతూ చెప్పుకుంటారు. న్యూజెర్సీ పెరట్లో మంచు భయం పోయాక మే నెలలో చల్లితే సెప్టెంబరు దాకా ఆకు కోసుకోవచ్చు. పగటిపొద్దు తగ్గితేనే పూతకు వచ్చే మొక్క అది. ఉత్తరాదిన పూత పట్టి కాయ ముదిరేలోగా మంచు కురిసి చచ్చిపోతుంది, మరుసటేటికి గింజ మళ్లీ ఎక్కడినుంచైనా రావాలి. కరివేపాకుదీ చిక్కే. బత్తాయి, నారింజ తోటలను చంపే తెగులును మోసే చిన్న పురుగు కరివేప మీద కూడా బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డాక ఆకు మీదా మొక్క మీదా ఆంక్షలు బిగిశాయి, పెట్టెలో కరివేపాకు దొరికితే విమానాశ్రయంలోనే చెత్తబుట్ట పాలు. అందుచేత కరివేప కుండీ ఆ ఇళ్లలో అపురూపమైన వస్తువు. అక్టోబరు రాగానే ఇంట్లోకి తెచ్చి కిటికీ దగ్గర పెడతారు, ఏప్రిల్ దాటాక బయట పెడతారు. బ్రూక్లిన్‌లో స్థిరపడ్డ ఇటలీవాళ్లు అత్తిచెట్టును శీతకాలంలో గోనెలు చుట్టి, కొన్నిచోట్ల వంచి మట్టిలో పూడ్చి కాపాడుకున్న పద్ధతి ఇలాంటిదే.

ఇటలీవాళ్లతో పోలిక అక్కడితో ఆగదు. 1880 నుంచి 1924 లోపు దాదాపు 40 లక్షలమంది ఇటలీవాళ్లు అమెరికా చేరారు. వాళ్లలో ఎక్కువమంది దక్షిణ ఇటలీ బీదరైతులు. సొంతూళ్లో వాళ్ల తిండి ముతక రొట్టె, చిక్కుళ్లు, ఆకుకూరలు. మాంసం, మంచి పాస్తా పండగ పూట కనపడేవి. కూలి డబ్బులు వచ్చే దేశంలో పండగ భోజనం రోజువారీ అయింది, మాంసపు ఉండలు వేసిన స్పగెట్టి వాళ్ల గుర్తుగా నిలిచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ నుంచి పాస్తా రాక ఆగిపోతే అమెరికాలోనే కార్ఖానాలు పెరిగాయి. మెట్టవాళ్ల విషయంలో పండగన్నం రోజువారీ అయ్యే మార్పు సగం ఊళ్లోనే, కాలువ గట్టున జరిగింది. మిగతా సగం అమెరికాలో: నేతిగారెలు, పులిహోర, బొబ్బట్లు శనివారం విందు వంటలయ్యాయి. జొన్నను వెంట తీసుకుపోవాలని మాత్రం ఎవరికీ తోచలేదు. బీదరికాన్ని గుర్తుచేసే తిండిని వలసపోయినవాడు ముందుగా వదిలించుకుంటాడు, ఇటలీవాడైనా నందిగామవాడైనా. చక్కెర జబ్బు భయంతో విజయవాడ, హైదరాబాదు వీధుల్లో సాయంత్రంపూట జొన్నరొట్టెలు కాల్చే బళ్లు పెరిగాకే అమెరికా తెలుగిళ్లలోకీ జొన్నపిండి పొట్లం వచ్చింది. అదీ రొట్టె రూపంలోనే. రోట్లో దంచిన జొన్నన్నం చేసే ఓపిక ఇటూ లేదు, అటూ లేదు.

పదిమంది కలిసి తినే అలవాటుకు గుళ్లు, సంఘాలు చోటిచ్చాయి. 1970ల రెండో సగంలో పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో వెలసిన శ్రీవేంకటేశ్వరాలయానికి చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి తెలుగువాళ్లు గంటల తరబడి కారు నడుపుకుంటూ వచ్చేవారు. అక్కడి పులిహోర, దద్ధ్యోదనం దర్శనమంత ప్రసిద్ధి. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) తొలి మహాసభ 1977లో న్యూయార్కులో జరిగింది. ఆ తర్వాతి మహాసభల్లో వేలమందికి వడ్డించే విందు భోజనం అసలు కార్యక్రమాలతో పోటీపడే విషయమైంది. కార్తీకమాసపు వనభోజనాలు వాతావరణానికి తలవంచాయి. నవంబరు చలిలో పార్కులో కూర్చోలేరు కాబట్టి ఎండాకాలంలోనే జరుపుకుంటారు, ఉసిరిచెట్టు నీడ లేకుండానే. ఉగాదికి వేపపువ్వు దొరకదు. ఊళ్లో ఎండబెట్టిన పువ్వు పొట్లంలో వస్తుంది. సంక్రాంతి అరిసెల పాకం పట్టడం తెలిసిన చేయి ఊరికి ఒకటి ఉంటే చాలు, నాలుగు కుటుంబాలు ఆ ఇంట్లో చేరతాయి.

అమెరికాలో ఆంధ్ర భోజనం పేరిట స్థిరపడినది మెట్ట ఊళ్లన్నిటి తిండీ కాదు. ముందుగా వెళ్లగలిగినవి భూమి, చదువు ఉన్న కులాలు. వాళ్ల పెళ్లి విస్తరే అక్కడ నమూనా అయింది. దళితవాడల ఎండుతునకల కూర, ఏటి చేపల పులుసు, ఎండుచేపల ఇగురు ఆ విస్తట్లో చోటు తెచ్చుకోవటానికి ఆలస్యమైంది, కొన్నిటికి ఇంకా రాలేదు. మాంసం తినే ఇళ్లకు హలాల్ కొట్లు ఆధారమయ్యాయి. నాటుకోడి రుచి కోసం అక్కడ హార్డ్ చికెన్ అని అమ్మే ముదురు కోడిని కొంటారు. గోంగూర మాంసం మేకతో చేస్తారు. రెస్టారెంట్లు మాత్రం ఇంటి వంటను వదిలి హైదరాబాదు బిర్యానీ వెంట పడ్డాయి. మెట్ట పప్పుచారు అమ్మితే డబ్బులు రావని వాళ్ల లెక్క, అందులో తప్పు పట్టేదీ లేదు.

వంట ఒక చేతి నుంచి మరో చేతికి మారే అసలు సందర్భం పురుడు. బిడ్డ పుట్టే నెల చూసుకుని అమ్మో అత్తగారో ఆరునెలల అనుమతి మీద వెళ్తారు. పెట్టెలో బాలింతకు కాయం, సొంఠిపొడి, వెల్లుల్లి కారం, నువ్వులపొడి ఉంటాయి. ఆ ఆరునెలల్లో కోడలూ కూతురూ తాలింపు వేళలు, ఊరగాయ కొలతలు కళ్లారా చూస్తారు. ఆమె తిరుగు ప్రయాణం నాటికి ఫ్రిజ్‌లో నాలుగు నెలలకు సరిపడా పచ్చళ్లు తయారవుతాయి. ఊరి నుంచి వెళ్లేటప్పుడు తీసుకుపోగలిగేది పెట్టెకు 23 కిలోలు, మనిషికి రెండు పెట్టెలు. అందులో ఏది పెట్టవచ్చో అమెరికా చట్టం చెబుతుంది. మాంసం పచ్చళ్లు కూడదు. ధాన్యాన్ని తొలిచే ఖప్రా పురుగు భయంతో 2011 జులై నుంచి ప్రయాణికుల సామానులో బియ్యం కూడా కూడదు.

పెట్టెలో పట్టనిది అంగడి తీసుకుంది. రామోజీ గ్రూపు 1980లో మొదలుపెట్టిన ప్రియా పచ్చళ్లు విదేశీ కొట్లలో ముందు వరుసలో నిలిచాయి. తర్వాత ఊరూరా స్వగృహ కొట్లు వెలిశాయి. విజయవాడలో, హైవే మీది ఊళ్లలో పచ్చళ్లు, కారప్పొడులు తూచి, నూనె కారకుండా గాలి తీసిన కవర్లలో మూసి, కొరియర్‌లో నేరుగా అమెరికా గుమ్మానికి పంపడం చిన్నపాటి వ్యాపారంగా ఎదిగింది. మే, జూన్ నెలల్లో కొత్తావకాయ పార్సిళ్లు, జనవరిలో అరిసెలు, చక్రాలు.

ఈ సరఫరా ఎంత సున్నితమైందో రెండు సందర్భాల్లో తెలిసింది. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఒకటి రెండు రోజుల్లోనే అమెరికా భారతీయ కొట్ల ముందు వరసలు కట్టారు, సోనా మసూరి బస్తాల కోసం తోపులాటలు జరిగాయి, కొన్నిచోట్ల మనిషికి ఒక బస్తా అని హద్దు పెట్టారు. నిషేధం 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా రద్దు చేసింది. భారత తపాలా శాఖ అక్కడికి పార్సిళ్లు తీసుకోవడం కొన్ని వారాలపాటు ఆపి, అక్టోబరు మధ్యలో మళ్లీ మొదలుపెట్టింది. వంద డాలర్లలోపు కానుకలకు సుంకం లేదు, కొట్లో కొని పంపే పచ్చడికి ఉంది.